శాయంపేట నుంచి షోలాపురం వెళ్లిన ముత్తాత ఇల్లు ఎక్కడుండేదో ఎలా కనుక్కోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ఒకసారి చెబుతాను. మీ తాతగారి తండ్రి పద్మశాలి. ఎనభై, తొంభై ఏళ్ల కిందట "వరంగల్ దగ్గరి శాయంపేట" నుంచి బతుకుదెరువు కోసం షోలాపురం వెళ్లి మిల్లులో చేరారు. ఆ తరువాత ఇంటివాళ్లెవరూ ఊరికి తిరిగి రాలేదు. ఇప్పుడు మీ దగ్గర మిగిలినవి ఇంటిపేరు, ముత్తాత పేరు, "వాకిట్ల నిలబడితే బొడ్రాయి కనపడేదట, పక్కన ఔసులోళ్లు ఉండేటోళ్లట" అని మీ నానమ్మగారు చెప్పిన రెండు మాటలు. బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతిన రాయి, ఔసులోళ్లంటే కంసాలివాళ్లు. ఆ ఇల్లున్న జాగను కనుక్కోగలమా, ఏ కార్యాలయంలో వెతకాలి అని అడిగారు. ఆస్తి మీద ఆశ లేదని, చూసి దండం పెట్టుకుంటే చాలునని కూడా రాశారు.

కనుక్కోగలరు. అయితే కార్యాలయంతో మొదలుపెట్టవద్దు. మీ ముత్తాత పేరు కోసం వెతకడం కాసేపు పక్కనపెట్టి, ఆయన పొరుగువాళ్ల పేర్ల కోసం వెతకండి. ఊరు విడిచిన మనిషి పేరు కాగితాల్లో త్వరగానే ఆగిపోతుంది. ఊళ్లో ఉండిపోయిన పక్కింటివాళ్ల పేరు మాత్రం పన్ను రిజిస్టర్లలో, ఓటర్ల జాబితాల్లో, అమ్మకపు కాగితాల్లో తరతరాలుగా సాగుతూనే ఉంటుంది. ఆ పొరుగిల్లు దొరికితే మీ ఇంటి జాగ దాని హద్దుగా బయటపడుతుంది. నేను తహసీలు రికార్డు గదిలో పనిచేసిన కాలంలో ఉర్దూ పహాణీలు, అంటే ఏటా రాసే సాగు లెక్కలు, చదవడం నేర్చుకున్నాను. పదవీ విరమణ తరువాత భివండీ, షోలాపురం, సూరత్‌ల నుంచి వచ్చిన పలు కుటుంబాలకు ఈ విషయంలో సాయపడ్డాను. జాగ దొరికిన సందర్భాల్లో చాలావరకు అది పొరుగువాళ్ల ద్వారానే దొరికింది.

ఇలా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. మన దగ్గర పాత భూమి రికార్డు అనగానే అందరూ సేత్వార్, ఖాస్రా పహాణీల పేర్లు చెబుతారు. సర్వే, బందోబస్తు పూర్తయ్యాక ఏ సర్వే నంబరు ఎంత విస్తీర్ణమో, శిస్తు ఎంతో, పట్టాదారు ఎవరో రాసిన మూలపత్రం సేత్వార్. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీలో పట్టాదారుతో పాటు ఆ ఏడాది భూమిని నిజంగా దున్నుకుంటున్నవారి పేరు కూడా ఉంటుంది. రెండూ విలువైనవే. కానీ అవి రెండూ సాగుభూమికి సంబంధించినవి. జనం నివసించే చోటును గ్రామకంఠం అంటారు, పాత కాగితాల్లో ఆబాదీ అని కనిపిస్తుంది. గ్రామ నక్షలో ఆ భాగాన్ని ఒకే తునకగా చూపి వదిలేస్తారు. అందులో ఏ ఇల్లు ఎవరిదో రెవెన్యూ రికార్డు చెప్పదు. మగ్గం మీద బతికి, చెలక కూడా లేని కుటుంబమైతే సేత్వార్‌లో గాని, పహాణీలో గాని ఆ పేరు అసలే ఉండదు. ధరణిలోను, 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతిలోను మీ ఇంటిపేరు కొట్టి చూసి నిరాశపడ్డానని రాశారు. అవి ఇలాంటి ఇళ్ల కోసం పెట్టినవి కావు కాబట్టి అక్కడ ఏమీ కనపడలేదని కుంగిపోవలసిన పని లేదు.

అన్నిటికంటే ముందు ఏ శాయంపేటో తేల్చుకోవాలి. పరకాల వైపు మండల కేంద్రంగా ఉన్న శాయంపేట ఒకటి. హనుమకొండను ఆనుకుని, ఇప్పుడు నగరంలో కలిసిపోయిన శాయంపేట జాగీర్ ఇంకొకటి. ఈనాడు రెండూ హనుమకొండ జిల్లాలోనే ఉన్నాయి గాని నిజాం కాలంలో పరకాల తాలూకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. కాబట్టి పరకాల వైపు శాయంపేటకు చెందిన పాత కాగితాన్ని వరంగల్ జిల్లా దస్త్రాల్లో ఎంత వెతికినా దొరక్కపోవచ్చు. రెండో ఊరి పేరు చివర ఉన్న "జాగీర్" అన్న మాటను కూడా తేలికగా తీసుకోకూడదు. దివానీ గ్రామాల, అంటే నేరుగా సర్కారు కింద ఉన్న గ్రామాల లెక్కలు సర్కారు అధికారుల చేతిలో ఉండేవి. జాగీరు, మక్తా గ్రామాల, అంటే ప్రభువులకు ఇనాముగా ఇచ్చిన గ్రామాల లెక్కలు వాటి సొంత సిబ్బంది దగ్గర ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగాకనే అవి సర్కారులో కలిశాయి. ఆ చేతులు మారడంలో ఎన్నో దస్త్రాలు పోయాయి.

ఊరి పేరు దగ్గరే దారి తప్పినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఒక కుటుంబం "వరంగల్ జిల్లా ఇల్లందు" అన్న పెద్దల మాట పట్టుకుని బొగ్గు గనుల ఇల్లందులో రెండేళ్లు వెతికింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఇల్లందు వరంగల్ జిల్లాలోనే ఉండేది కాబట్టి వాళ్ల ఊహలో తప్పు కూడా లేదు. కానీ వాళ్ల ఊరు వర్ధన్నపేట దగ్గరి ఇల్లంద. చివరి అచ్చు ఒక్కటే తేడా. ముసలమ్మ సరిగానే పలికింది, రాసుకున్నవాళ్లు తమకు తెలిసిన ఊరి పేరుగా దిద్దుకున్నారు. అందుకని పెద్దవాళ్లు చెప్పిన పేరును వాళ్లు పలికినట్టే రాసుకోండి. దానితో పాటు వాళ్లు ఏ అంగడికి పోయేవారు, ఏ జాతరకు బండి కట్టేవారు, రైలు ఎక్కడ ఎక్కారు అని అడగండి. కాజీపేటలో ఎక్కామంటే ఒక దిక్కు తెలుస్తుంది, జమ్మికుంటలో ఎక్కామంటే ఇంకో దిక్కు తెలుస్తుంది. జాతర పేరు కూడా ఇలాగే దారి చూపుతుంది, అందులోను కొత్తకొండ, ఐనవోలు వంటి చుట్టుపక్కల జాతరలు మరింత పనికివస్తాయి. మేడారం చెబితే మాత్రం లాభం లేదు, అక్కడికి అందరూ పోతారు.

షోలాపురం వైపు కాగితాల మీద కూడా ఒక మాట చెప్పాలి. అక్కడి పాత మరణ నమోదుల్లోను, బడి దాఖలాల్లోను మన ఊరి పేరు రాయకుండా "మొగలాయి" అని మాత్రమే రాసి ఉండవచ్చు. మరాఠీవాళ్లు నిజాం రాజ్యాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. అది చూసి అదేదో ఊరనుకుని వెతికినవాళ్లు కూడా ఉన్నారు.

ఇక మీ నానమ్మగారి దగ్గర కూర్చోవలసిన పని. దీన్ని రేపటికి వాయిదా వేయకండి. కాగితం పదేళ్ల తరువాత కూడా దొరకవచ్చు గాని ఆమె జ్ఞాపకానికి అంత గడువు లేదు. ఆమెను "ఇల్లు ఎక్కడ?" అని అడిగితే "నేను చూడలేదు బిడ్డా" అంటారు. అలా కాకుండా "మీ అత్తమ్మ ఊరి ముచ్చట్లు చెప్పేటప్పుడు ఎవరెవరి పేర్లు తీసేది? నిప్పు ఎవరింటి నుంచి తెచ్చుకునేది? నీళ్లకు ఏ బాయికి పోయేది? ఎవరితో కొట్లాడింది?" అని అడగండి. కొట్లాట జ్ఞాపకం మిగతావాటికన్నా గట్టిగా నిలుస్తుంది. పక్కింటివాళ్లతో గోడ తగువు పడ్డ మాట బయటికి వచ్చిందంటే మీకు ఒక హద్దు దొరికినట్టే.

పెత్తరమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు మీ ఇంట్లో ఎవరి పేర్లు చెబుతారో కూడా రాసుకోండి. ఊరు మరిచినవాళ్లు కూడా ఆ ఆచారం మానరు. మూడు తరాల పేర్లు, ఆడవాళ్ల పేర్లతో సహా, ఆ ఒక్క రోజు నోటికి వస్తాయి. మీకు తండ్రి పేరుతో కలిపిన పేరు తప్పనిసరిగా కావాలి. "ఐలయ్య" అన్న పేరు ఒక్క ఊళ్లోనే పదిమందికి ఉంటుంది, "ఐలయ్య వల్ద్ మల్లయ్య" అంటే ఒకరిద్దరే తేలుతారు. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు అని. పాత కాగితాల్లో ఈ మాట అడుగడుగునా కనిపిస్తుంది.

అప్పుడు మీ చేతిలో ఊరు, ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఒకటి రెండు పొరుగిళ్ల గుర్తులు ఉంటాయి. వాటితో గ్రామ పంచాయతీకి వెళ్లాలి. మీకు కావలసింది ఆ పంచాయతీలో దొరికే అతి పాత ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు. నేను చూసినవాటిలో పాతవి 1960ల నాటివి. దాన్ని అక్షర క్రమంలో ఉన్న జాబితాలా చూడకండి. పన్ను రాసే మనిషి ఒక మూలన మొదలుపెట్టి వీధి వెంట నడుచుకుంటూ, ఇల్లు తరువాత ఇల్లు రాసుకుంటూ పోయాడు. కాబట్టి రిజిస్టరులో పేర్ల వరుస అంటే వీధిలో ఇళ్ల వరుసే. తరువాతి కాలంలో ఇంటి నంబర్లు రెండు మూడుసార్లు మారి ఉంటాయి గాని వరుస అంత తొందరగా మారదు. మీ విషయంలో ఔసులవారి ఇల్లు ఏ వరుసలో ఉందో చూడండి. దాని ముందువెనకల ఉన్న నాలుగేసి పేర్లు రాసుకోండి. ఆ మధ్యలో "ఖాళీ", "పాడు ఇల్లు" అని గాని, నంబరు ఉండి పేరు లేకుండా గాని ఒక పద్దు కనపడితే అక్కడ ఆగండి. ఓటర్ల జాబితా కూడా ఇంటి నంబర్ల వరుసలోనే ఉంటుంది, తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. పాతది దొరికితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

రిజిస్టరు చూపించడానికి కార్యదర్శి వెనకాడితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ నా సలహా మొదట మర్యాదగా అడగడమే. దరఖాస్తు పెట్టగానే ఆ కార్యాలయానికి మీరు ఒక ఫిర్యాదుదారుగా కనపడతారు. "దొరకలేదు" అని రాసి పంపడం వాళ్లకు పెద్ద పని కాదు. ఒక చోట నాకు "చెదలు పట్టి పోయింది" అని రాతపూర్వకంగా జవాబిచ్చిన రిజిస్టరు, నేనే వెళ్లి ఒక పూట బీరువా సర్దిపెట్టాక అట్టడుగు అర నుంచి బయటపడింది. ఆ అట్ట లోపల ఉన్న ముప్పైనాలుగు పుటలూ ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. అంచులు తినేసినా పేర్లు చెక్కుచెదరలేదు.

తరువాతి చోటు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. ఇప్పుడు కంప్యూటరులో వచ్చే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచి మాత్రమే ఉంటుంది, అంతకుముందువి చేతిరాత సూచికల్లో వెతికించాలి. ఒకటో సూచికలో మనుషుల పేర్లు, రెండో సూచికలో ఆస్తులు ఊరి వారీగా ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులను, వాటి సూచికలను రుసుము కట్టి చూసే హక్కు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఇక్కడ కూడా మీ ముత్తాత పేరు దొరుకుతుందని ఆశపడకండి. ఆ కాలంలో ఊళ్లోని ఇల్లు చేతులు మారితే తెల్లకాగితం మీద సాదా బైనామా రాసుకునేవారు, లేకపోతే అది కూడా లేకుండా నలుగురి ఎదుట మాట అనుకునేవారు. మీరు చూడవలసింది పొరుగువాళ్లు తరువాతెప్పుడో రాయించుకున్న దస్తావేజులోని హద్దులు.

ఇది నాకు మొదటిసారి తెలిసివచ్చిన సందర్భం చెబుతాను. భివండీ నుంచి వచ్చిన ఒక కుటుంబానికి ఎక్కడా ఆధారం దొరకలేదు. చివరికి వాళ్ల పక్కింటి కుమ్మరి కుటుంబం తమ ఇంటిని 1960లలో అమ్మినప్పటి దస్తావేజు నకలు తీయించాము. తూర్పున బజారు, ఉత్తరాన వేరొకరి ఇల్లు, దక్షిణాన సందు అని రాసి, పడమటి హద్దు దగ్గర "బొంబాయి పోయిన సాలెవారి పాడు ఇల్లు" అని రాశారు. పేరు కూడా రాయలేదు. వాళ్లు ఊరు విడిచి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది, కప్పు కూలిపోయింది, అయినా పక్కింటివాళ్లకు అది సాలెవాళ్ల ఇల్లే. ఆ కుటుంబంలోని పెద్దాయన ఆ వాక్యాన్ని వేలితో తడుముకుంటూ నాలుగుసార్లు చదివించుకున్నారు.

ఉర్దూ కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే చాలామంది అక్కడే తప్పు మనిషిని తమ పూర్వీకుడు అనుకుంటారు. 1948 నాటి పోలీసు చర్యతో నిజాం పాలన ముగియక ముందరి రెవెన్యూ, రిజిస్ట్రేషన్ కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చాలా ఊళ్ల ఖాస్రా పహాణీ కూడా ఉర్దూలోనే ఉంది. ఆ లిపిలో హ్రస్వ అచ్చులను మామూలుగా రాయరు. ఐలయ్య, ఎల్లయ్య ఒకే అక్షరాలతో పడతాయి. చదివి తెలుగులోకి రాసేవాడు తనకు ఏది తోస్తే అది రాస్తాడు. "గ"కు, "క"కు మధ్య తేడా పైనుండే ఒక అడ్డగీత మాత్రమే, గొలుసుకట్టుగా రాసే గుమస్తాలు ఆ గీతను తరచుగా వదిలేసేవారు. అందువల్ల గుండ వారు కొండ వారవుతారు, కొండ వారు గుండ వారవుతారు. అంకెలు కూడా మనకు తెలిసిన అంకెలు కాకుండా కొన్నిచోట్ల రఖం అనే పాత పద్ధతిలో ఉంటాయి. కాబట్టి ఎవరైనా తర్జుమా చేసి ఇస్తే మూలం ఫోటో కూడా తీసుకోండి. ఇంటిపేరు మాత్రమే కలిస్తే సరిపోదు. పేరు, తండ్రి పేరు, ఒక పొరుగు పేరు, ఈ మూడూ కలిసినప్పుడే మనవాళ్లని నమ్మండి.

తేదీల విషయంలో, ఆ కాగితాల్లో వాడే ఫస్లీ అనే శిస్తు లెక్కల సంవత్సరానికి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఫస్లీ ఏడు ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కాబట్టి 1347 ఫస్లీ అంటే 1937 అక్టోబరు నుంచి తరువాతి ఏడాది అక్టోబరు దాకా. ఖుర్దాద్, తీర్, అమర్దాద్ అని నెలల పేర్లు కనిపిస్తే అవి ఆ లెక్కలోవే. ధర దగ్గర "సిక్కా హాలీ" అని ఉంటే అది నిజాం రూపాయి. కాగితం మీద తేదీ చిరిగిపోయినా ఆ మాట ఉంటే అది ఏ కాలానిదో అంచనాకు వస్తుంది.

మీరు పద్మశాలీలు కాబట్టి మీకు ఇంకొక దారి ఉంది. దీన్ని చాలామంది మరిచిపోతున్నారు, నాకు అది బాధగా ఉంటుంది. మన దగ్గర ఒక్కొక్క కులాన్ని ఆశ్రయించుకుని కథ చెప్పే కుటుంబాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, విశ్వకర్మలకు రుంజవారు, గోండులకు పర్ధానులు, తోటివారు. కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం చెబుతారు. పటం మీద ఉండేది కులపురాణమే, అందులో మీ తాతముత్తాతలు కనపడరు. కానీ ఏ ఊళ్లు ఏ కుటుంబం వంతు అన్నది మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, వాళ్లలో వాళ్లు పంచుకుని ఉంటారు. తమ మిరాశీ ఊళ్లో ఎన్ని గడపలు త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కట్నం) ఇస్తాయి, ఏ గడప వాళ్లు వలసపోయారు, వాళ్ల పాలివాళ్లు (దాయాదులు) ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది వాళ్ల బతుకుతో ముడిపడ్డ లెక్క. శాయంపేట ఎవరి మిరాశీయో ఆ ఊరి పద్మశాలి సంఘం పెద్దలను అడిగితే తెలుస్తుంది. వాళ్లను కలిసినప్పుడు ఖాళీ చేతులతో పోకండి. మీ ముత్తాత ఇవ్వవలసిన త్యాగం ఇన్నేళ్లుగా బాకీ ఉన్నట్టే కదా.

కాశీ, గయ, త్ర్యంబకం పురోహితుల దగ్గర యాత్రికుల వంశావళి పుస్తకాలు ఉంటాయని మీరు విని ఉంటారు, అది నిజమే. మీ ఇంట్లో ఎవరైనా అక్కడికి వెళ్లినట్టు ఖచ్చితంగా తెలిస్తే ప్రయత్నించండి. అక్కడ పేర్లు దొరుకుతాయి, ఊరు దొరుకుతుంది, ఇంటి జాగ మాత్రం దొరకదు.

జనాభా లెక్కల కాగితాల కోసం మాత్రం సమయం పోగొట్టుకోకండి. ఇంటింటి వివరాలను రహస్యంగా ఉంచాలని 1948 చట్టమే చెబుతోంది. అచ్చయిన జిల్లా జనగణన పుస్తకాలు వేరు. ఏ ఊరు ఏ తాలూకాలో ఉందో, దాని శివారు పల్లెలేవో, ఏది బేచిరాగో తెలుసుకోవడానికి అవి బాగా పనికివస్తాయి. బేచిరాగ్ అంటే దీపం లేని ఊరు అని. రికార్డులో ఊరు ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి, మనిషి మాత్రం ఉండడు. గత్తర (కలరా) వచ్చో, చెరువు తెగో జనం పక్కకు జరిగి కొత్తగా ఊరు కట్టుకున్న చోట్ల పాత ఊరి గడ్డ మిగిలిపోతుంది, దాన్ని పాటి మీద అంటారు. పెంకులు, బూడిద కలిసిన మట్టితో ఆ గడ్డ తెలిసిపోతుంది. మీ శాయంపేటకు ఈ చిక్కు లేదు గాని ఇదే ప్రశ్నతో వచ్చే మరొకరికి పనికిరావచ్చునని రాస్తున్నాను.

ఊరే నీట మునిగినవాళ్ల పరిస్థితి వింతగా ఉంటుంది. ఊరు లేదు గాని కాగితం మాత్రం అన్నిటికన్నా బాగా దొరుకుతుంది. మధ్యమానేరు కింద చీర్లవంచ, చింతల్‌ఠాణా, కొదురుపాక వంటి ఊళ్లు మునిగినప్పుడు పరిహారం కోసం ఇల్లిల్లూ కొలిచి, గోడ మట్టిదా రాతిదా, కప్పు గూన పెంకా రేకా అన్నది కూడా రాశారు. ఆ భూసేకరణ అవార్డు దస్త్రం ఒక ఊరి పూర్తి చిత్రం. మునిగిన ఊరివాళ్లెవరైనా ఇది చదువుతుంటే భూసేకరణ విభాగంలో అవార్డు నకలు కోసం అడగండి. సింగరేణి ఉపరితల గనుల కింద పోయిన ఊళ్లకు కూడా ఇదే దారి.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన పని గురించి చెబుతాను. అది ఊళ్లో అడుగుపెట్టడం. ఎనభై ఏళ్ల తరువాత ఒక కుటుంబం కారు దిగి "మా ముత్తాత ఇల్లు ఎక్కడ?" అని అడిగితే ఆ జాగలో ఉంటున్నవాళ్లకు మొదట తోచేది ఒక్కటే: భాగం కోసం వచ్చారని. వాళ్ల భయం తప్పు కాదు, ఎందుకంటే చాలామంది చేతిలో ఆ జాగకు సరైన కాగితం ఉండదు. కాబట్టి నేరుగా ఆ ఇంటికి పోకండి. ముందు సంఘం పెద్దనో, సర్పంచునో కలిసి, ఆస్తి కోసం రాలేదని నలుగురి ముందర చెప్పండి. మొదటి రోజు చేతిలో నక్షలు, నకళ్లు పట్టుకుని తిరగకండి, టేపు అసలే తీయకండి. ఒక కుటుంబంలోని యువకుడు ఉత్సాహం కొద్దీ గోడ కొలవబోతే, అప్పటిదాకా చాయ్ పోసి ముచ్చట చెప్పిన ఇంటివాళ్లు తలుపు వేసుకున్నారు. మళ్లీ ఆ తలుపు తెరిపించడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

వెళ్లడానికి బతుకమ్మ రోజులు మంచివి. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, వేరే ఊళ్లలో స్థిరపడ్డవాళ్లు కూడా వస్తారు. బయటికి ఇచ్చిన ఎనభై ఏళ్ల ఆడబిడ్డకు గుర్తున్న ఊరు, ఆమె పెళ్లినాటి ఊరు. ఊళ్లోనే ఉన్నవాళ్ల జ్ఞాపకంలో కొత్త ఇళ్లు పాత ఇళ్లను కప్పేస్తాయి. ఆమె జ్ఞాపకంలో పాత ఇళ్లు అలాగే నిలిచి ఉంటాయి. నేను ఇందాక చెప్పిన భివండీ కుటుంబానికి దారి చూపింది అలాంటి ఒక ముసలమ్మే. "గా సాలోళ్ల ఇల్లా? బొడ్రాయి కాడ నిలవడి పొద్దుగూకే దిక్కు చూడు. కుమ్మరోళ్లది దాటినంక. మా అవ్వ వాళ్లింట్ల చీర నేయించుకునేది. గిప్పుడు గోడలు గూడ లేవు బిడ్డా" అన్నది. ఆమె మాట, దస్తావేజులోని పడమటి హద్దు ఒకే చోట కలిశాయి.

అక్కడికి వెళ్లి చూస్తే మోకాలెత్తు మట్టిగోడ రెండు వైపులా మిగిలి ఉంది. లోపల ఆముదపు చెట్లు, ఎవరో వేసిన పేడకుప్ప. ఆ కుటుంబంలోని పెద్దాయన కాలితో ఆకులు జరుపుతూ ఒక మూలన ఆగిపోయారు. అక్కడ నేల కొద్దిగా కుంగి, నాలుగు పలకలుగా ఒక గుంత ఆకారం ఉంది. మగ్గం గుంత. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి దింపి తొక్కుడు చెక్కలు ఆడించే గుంత. మట్టితో పూడిపోయినా అంచు మాత్రం తెలుస్తోంది. ఆయన చెప్పులు విడిచి, ఆ గట్టు మీద కూర్చుని, కాళ్లు ఉండవలసిన చోట కాళ్లు పెట్టుకున్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మీరు వెళ్లినప్పుడు కూడా నేల వైపు చూడండి. మగ్గం గుంత ఉన్నది సాలెవాళ్ల ఇల్లని తెలుస్తుంది, ఏ సాలెవాళ్లన్నది మాత్రం పొరుగువాళ్లే చెప్పాలి. దాని మీద కొత్త ఇల్లు కట్టి ఉంటే, పునాది తీసినప్పుడు గుంత తగిలిందా అని ఇంటివాళ్లను నెమ్మదిగా అడగవచ్చు.

శాయంపేట జాగీరే మీ ఊరని తేలితే ఒక కష్టం ఉంది. అది నగరంలో కలిసిపోయింది కాబట్టి పాత వరుసలు చాలావరకు ప్లాట్లుగా మారాయి. అక్కడ పంచాయతీ రిజిస్టరుకు బదులు నగరపాలక సంస్థ ఆస్తిపన్ను దస్త్రాల్లో వెతకాలి. జాగను గజం లెక్కన గుర్తించలేకపోవచ్చు, ఏ వాడలో ఉండేదో మాత్రం తేల్చుకోగలరు. పరకాల వైపు శాయంపేట అయితే అవకాశం చాలా ఎక్కువ.

ముందుగా మీ నానమ్మగారిని రైలు ఎక్కడ ఎక్కారో, నీళ్లు ఏ బాయి నుంచి తెచ్చుకునేవారో, ఔసులవారు కాకుండా ఇంకెవరి పేర్లు విన్నారో అడిగి రాయండి. ఇంట్లో పాత పెట్టె ఏదైనా ఉంటే అడుగున పరిచిన కాగితం కూడా తీసి చూడండి. ఉర్దూలో ఏ కాగితం దొరికినా వెలుతురులో ఫోటో తీసి పంపితే చదివి చెబుతాను.